వెనక బ్యాగ్ కుక్క తోకలా ఊగుతోంది: బ్యాగ్ మార్చాలా, సామాను మార్చాలా?

కొత్తచక్రం
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. వచ్చే నెల ఐదు రోజుల బైక్‌ప్యాకింగ్ (సామాను సైకిల్‌కే కట్టుకుని, రాత్రిళ్లు టెంట్‌లో పడుకుంటూ తిరగడం) ట్రిప్ పెట్టుకున్నాను. మొదటిసారి. దారిలో సగం కంకర రోడ్డు, కొంత అడవి బాట, మిగతాది తారు. సైకిల్ ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్, 29 అంగుళాల చక్రాలు. నేను పొట్టి కాబట్టి ఫ్రేమ్ కూడా చిన్న సైజే.

ఉత్సాహం ఆపుకోలేక సీటు వెనక కట్టే 16 లీటర్ల సీటు బ్యాగ్, హ్యాండిల్‌బార్‌కి కట్టే చుట్ట సంచి (రోల్) ముందే కొనేశాను. నిన్న సామానంతా ఎక్కించి ఓ ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చాను. సీటు మీంచి లేచి తొక్కితే చాలు, వెనక బ్యాగ్ కుక్క తోకలా అటూ ఇటూ కొట్టుకుంటోంది. దిగుడులో నిజంగా భయం వేసింది. ఇంతకంటే ఖరీదైన సీటు బ్యాగ్ తీసుకుంటే ఇది పోతుందా? ఫ్రేమ్ మధ్య ఖాళీలో పట్టే ఫ్రేమ్ బ్యాగ్ కూడా కొనాలా? పెట్టుకున్నవన్నీ అవసరమైనవే అనిపిస్తున్నాయి, ఏది వదలాలో అర్థం కావడం లేదు.

గ్రాములలెక్క
బ్యాగ్ సంగతి ఆపి ముందు లిస్టు పెట్టండి. ప్రతి వస్తువునూ వంటింట్లో వాడే చిన్న కాటా మీద పెట్టి, బరువుతో సహా. మీరు చేసింది అందరం చేసిన తప్పే. ముందు సంచులు కొంటాం, తర్వాత వాటిని నింపుతాం. 16 లీటర్ల బ్యాగ్ కొంటే 16 లీటర్ల సామాను దానంతటదే పుట్టుకొస్తుంది. ముందు సామాను తేల్చుకుని, దాన్నంతా నేల మీద పరిచి, అప్పుడు సంచి కొలత చూసుకోవాలి.

పాతక్యారియర్
ఇంత హడావిడి ఎందుకు బాబూ? వెనక ఒక క్యారియర్ బిగించు, రెండు పక్కలా రెండు పానియర్లు, అంటే పక్క సంచులు, తగిలించు. 40 లీటర్లు పడుతుంది, ఊగదు. రాత్రి టెంట్ దగ్గర చెయ్యి వేస్తే ఊడొస్తాయి. మీ సీటు బ్యాగుల్లో అడుగున పడ్డ సాక్సు కోసం మొత్తం విప్పి మళ్లీ చుట్టాలి. పాతికేళ్లుగా ఇలాగే తిరుగుతున్నాను, నాకేం కాలేదు.

గుట్టఎక్కుడు
పాతక్యారియర్ గారి మాట తారు రోడ్డు మీద నూటికి నూరుపాళ్లు నిజం. మంచి రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఈ చర్చ ఇక్కడితో చదవడం ఆపేసి పానియర్లు కొనుక్కోవచ్చు.

రాళ్ల బాట మీద మాత్రం లెక్క వేరు. పానియర్లు పక్కలకు ఉబ్బి ఉంటాయి, ఇరుకు బాటలో బండలకూ పొదలకూ రాసుకుంటాయి. ఎక్కలేని చోట సైకిల్ దిగి తోసుకుంటూ పోవాలి కదా, అప్పుడు అడుగడుగునా పిక్కకు కొట్టుకుంటాయి. కుదుపులకు క్యారియర్ బోల్టులు వదులవుతాయి, ఒక్కోసారి తెగుతాయి కూడా. బరువు కూడా చూడండి. గట్టి పానియర్ల జత ఖాళీగానే రెండు కిలోల దగ్గర ఉంటుంది, క్యారియర్ ఇంకో 700 గ్రాములు. సీటు బ్యాగ్ అర కిలోకి అటూ ఇటూ.

ఫ్రేమ్‌ని అంటిపెట్టుకునే ఈ సంచులు ఊరికే ఫ్యాషన్ కోసం రాలేదు. అలస్కాలో 1987లో ఐడిటబైక్ అని మంచు మీద సైకిల్ రేసు మొదలైంది. అలాంటి రేసుల్లో సైకిల్ తోసుకుంటూ నడిచేది కూడా బోలెడు. అక్కడ పక్కలకు పొడుచుకొచ్చే సామానుతో పని కాదు. తర్వాత కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దు దగ్గరి ఆంటెలోప్ వెల్స్ దాకా సాగే టూర్ డివైడ్ లాంటి పోటీల వల్ల అందరికీ పాకింది. అది 4,300 కిలోమీటర్లకు పైనే.

కొత్తచక్రం
లిస్టు ఇదిగో. తూచాక నాకే సిగ్గేసింది.

టెంట్ 2,100 గ్రాములు. స్లీపింగ్ బ్యాగ్ 1,400. గాలి నింపే మ్యాట్ 480. బట్టలు 2,350 (ఇందులో ఒక జీన్స్ ఉంది, దయచేసి తిట్టకండి). స్టవ్, గిన్నెలు, గ్యాస్ 900. పనిముట్లు, ట్యూబులు 1,150. పవర్ బ్యాంక్, చార్జర్లు, లైట్లు 1,020. సబ్బు, మందులు వగైరా 550.

మొత్తం 9,950. నీళ్లు, తిండి కాకుండా. సంచుల బరువు కూడా కలపలేదు.

వానపిట్ట
జీన్స్!!! తడిస్తే ఎప్పటికి ఆరుతుంది తమ్ముడూ?

గ్రాములలెక్క
జీన్స్ గురించి నేనేం అనను, వానపిట్ట గారు అనేశారు.

పేరు చూసి నన్ను గ్రాముల పిచ్చోడు అనుకుంటారు, నిజమే. అయినా ఒక లెక్క చెప్తా వినండి. మీరు, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు అనుకుందాం. పెడల్ మీద నికరంగా 150 వాట్లు పెడుతున్నారు. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఆ బరువును పైకి లేపే పనికే 98 నిమిషాలు పడుతుంది. ఒక కిలో తగ్గిస్తే కలిసొచ్చేది 65 సెకన్లు. మూడు కిలోలు తగ్గించినా మూడు నిమిషాల చిల్లర. టూత్‌బ్రష్ పిడి కోసే మహానుభావులు దీన్ని గోడకు అతికించుకోవాలి.

మరి బరువు ఎందుకు తగ్గించాలి అంటే, టైమ్ కోసం కాదు. చోటు కోసం. సామాను చిన్నదైతే సంచి చిన్నదవుతుంది, సంచి చిన్నదైతే ఊగదు, సైకిల్ సైకిల్‌లా తిరుగుతుంది. దిగి తోసేటప్పుడు, కంచె మీంచి ఎత్తేటప్పుడు ఆ మూడు కిలోలు చేతులకు తెలుస్తాయి. మీ లిస్టులో నాకు ముందు కనిపించేవి బట్టలు. రెండు జతలు చాలు. తొక్కడానికి ఒకటి, పడుకోవడానికి పొడిగా దాచుకునేది ఒకటి. పైన వాన జాకెట్, చలి ఉంటే ఒక వెచ్చటి పొర. అంతే. "మూడో జత" అన్న ఆలోచన వచ్చినప్పుడు రాత్రి ఉతికి ఆరేసుకోవచ్చని గుర్తు తెచ్చుకోండి.

తర్వాత పవర్ బ్యాంక్. అది 20,000 ఎంఏహెచ్ అయ్యుంటుంది. 10,000ది దాదాపు 200 గ్రాములు, 37 వాట్ అవర్లు. నష్టాలు పోను మామూలు ఫోన్‌ని ఇంచుమించు ఒకటిన్నర సార్లు నింపుతుంది. దారిలో రెండు రోజులకోసారి ప్లగ్ దొరికితే అది చాలు.

టూత్‌బ్రష్‌కోసినవాడు
నేను ఇక్కడే ఉన్నాను సార్. నాకు టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) బ్యాగ్‌లో పట్టలేదని కోశాను, బరువు కోసం కాదు.

గ్రాములలెక్క
క్షమించాను.

వానపిట్ట
సరదా సరే, నిద్ర దగ్గర మాత్రం గ్రాములు కోయొద్దు. మొదటి రాత్రి చలికి నిద్ర లేకపోతే రెండో రోజు బరువు లెక్కలన్నీ గాలికి పోతాయి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి, కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) అనీ లిమిట్ (ఎలాగో తట్టుకునే చలి) అనీ. కొనేవాళ్లు పెద్ద అక్షరాల్లో ఉన్న లిమిట్ చూసి మోసపోతారు. కంఫర్ట్ అంకెను నమ్ముకోండి. నాలాగా చలి ఎక్కువ వేసేవాళ్లకు అది తప్పనిసరి. ఇక మ్యాట్. నేల నుంచి వచ్చే చలిని ఆపేది అదే. ఒంటి కింద నలిగిపోయిన స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనం ఇవ్వదు. మ్యాట్ మీద ఆర్-వాల్యూ అని ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత చలి ఆపుతుంది. వేసవి రాత్రులకు 2 దగ్గర సరిపోతుంది, నేల బాగా చల్లబడే చోట 4కి తగ్గొద్దు.

ఈకలదా, సింథటిక్‌దా అన్నది ఎప్పుడూ వచ్చే గొడవ. అంతే వెచ్చదనానికి ఈకలది తేలిక, నలిపితే పిడికెడు అవుతుంది. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. సింథటిక్ బరువు, చోటు ఎక్కువ తింటుంది, కానీ తడిసినా కొంత పని చేస్తుంది. నేను ఈకలదే వాడతాను, రెండు పొరల డ్రై బ్యాగ్‌లో (నీళ్లు దిగని సంచిలో) పెట్టి. సీటు బ్యాగ్ "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్నా నేను నమ్మను. ఎందుకో గుట్టఎక్కుడు గారే చెప్పాలి, ఆ కథ ఆయనది.

గుట్టఎక్కుడు
అక్కా, ఆ కథ మళ్లీనా.

సరే. పొడవాటి దిగుడు. సీటు బ్యాగ్ పట్టీ కొంచెం జారింది, నేను చూసుకోలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా బ్యాగ్ అడుగు వెనక టైరుకు తగులుతోంది. ఏదో గరగరమంటోంది, బురద అనుకున్నాను. కింద ఆగి వెనక్కి చూస్తే దారి పొడవునా తెల్లటి ఈకలు ఎగురుతున్నాయి. టైరు బ్యాగ్‌ని, లోపలి డ్రై బ్యాగ్‌ని, స్లీపింగ్ బ్యాగ్‌ని వరసగా కోసేసింది. ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకుని కూర్చున్నాను.

కొత్తచక్రం గారూ, మీకు ఇది ముఖ్యం. చిన్న ఫ్రేమ్, 29 అంగుళాల చక్రం అంటే సీటుకీ టైరుకీ మధ్య ఖాళీ తక్కువ. 16 లీటర్ల బ్యాగ్ మీ సైకిల్‌కి కాదని నా అనుమానం. ఎవరైనా బ్యాగ్ మీద చెయ్యి పెట్టి గట్టిగా కిందికి నొక్కితే, టైరుకు ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ మిగలాలి. కిందికి దిగే సీటుపోస్ట్ ఉంటే దాన్ని పూర్తిగా దించి చూసుకోండి.

ఊగడం గురించి. అది బ్యాగ్ ఖరీదుతో పోదు, నింపే తీరుతో పోతుంది. మీ పనిముట్లు ఎక్కడ పెట్టారు? సీటు బ్యాగ్ చివరన అయ్యుంటాయి, చేతికి అందుతాయని. తీసేయండి. సీటు బ్యాగ్‌లో తేలికవీ, నలిగేవీ మాత్రమే ఉండాలి. ముందుగా కొంచెం బరువైనది సీటుపోస్ట్‌ని ఆనుకునేలా గట్టిగా దూర్చాలి, తోక వైపు ఉత్త బట్టలు. లోపల గాలి లేకుండా చుట్టాలి. సంచి ఇటుకలా గట్టిగా ఉండాలి, దిండులా మెత్తగా ఉంటే ఊగుతుంది. సీటు కడ్డీల దగ్గరి పట్టీలు ముందు బిగించి, కొంచెం తొక్కి, ఆగి మళ్లీ బిగించండి. మొదటి అరగంటలో సామాను సర్దుకుంటుంది.

కొత్తచక్రం
పనిముట్లు చివరనే ఉన్నాయి. మీకెలా తెలిసింది!

గుట్టఎక్కుడు
అందరూ అక్కడే పెడతారు.

సూదీదారం
నేను సంచులు నా కోసం నేనే కుట్టుకుంటాను, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది. నా లెక్కలో మొదట కొనాల్సింది ఫ్రేమ్ బ్యాగ్, చివర కొనాల్సింది సీటు బ్యాగ్. సైకిల్ మధ్యలో, కిందికి ఉండే చోటు అది ఒక్కటే. బరువంతా అక్కడ పడితే సైకిల్ బరువును మర్చిపోతుంది. పనిముట్లు, పవర్ బ్యాంక్, నీళ్ల సంచి, తినేవి అన్నీ అందులో. రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలు. మీ లిస్టులో టెంట్, బట్టలు తప్ప అంత బరువున్నది ఇంకోటి లేదు.

కొనే ముందు ఒక అట్టముక్క తీసుకుని ఫ్రేమ్ లోపలి త్రికోణం గీసి కత్తిరించండి. ఆ అట్టతో పోల్చి కొంటే కొలత తప్పదు. వెడల్పు ఆరేడు సెంటీమీటర్లు దాటితే మోకాళ్లు రాసుకుంటాయి. అందుకే ఫ్రేమ్ బ్యాగ్‌లో మెత్తటి జాకెట్ కుక్కకూడదు, ఉబ్బుతుంది. బట్ట విషయంలో, దళసరి కార్డురా (నైలాన్ బట్ట) గట్టిది కానీ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఎక్స్-ప్యాక్ లాంటి పొరల బట్ట తేలిక, నీళ్లు దిగవు, కానీ ఎక్కువ మడతలు పడే చోట పొరలు విడిపోతాయి. ఏ బట్టైనా కుట్టు సూది రంధ్రాల్లోంచి నీళ్లు వస్తాయి. అతికించి చేసిన సంచుల్లో కుట్టు ఉండదు, నిజంగా నీళ్లు ఆపేవి అవి. చిరిగితే సూదీదారంతో బాగు చేయలేం, అతుకు వేయాలి.

ఇక జిప్. ఫ్రేమ్ బ్యాగ్‌లో ముందు పోయేది అదే. బట్ట పదేళ్లు నిలుస్తుంది, జిప్ ఒక దుమ్ము సీజన్‌కే మొరాయిస్తుంది. కుక్కి నింపి బలవంతంగా లాగితే పళ్లు విడిపోతాయి. రోజూ సాయంత్రం తడిబట్టతో తుడవండి. లూబ్రికెంట్ రాస్తే పొడిగా ఉండేది రాయండి, జిడ్డుది రాస్తే దుమ్ము ఇంకా పడుతుంది. "వాటర్‌ప్రూఫ్ జిప్" అనేదాని మీద కూడా పెద్ద ఆశ పెట్టుకోకండి. అది చినుకులు ఆపుతుంది, కుండపోతను కాదు.

కొత్తచక్రం
ఫ్రేమ్ అంతా సంచే నిండితే నీళ్ల సీసాలు ఎక్కడ? ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి పక్కన సీసా పెట్టే కేజ్‌లు బిగించుకోవచ్చని చదివాను.

గుట్టఎక్కుడు
ఫోర్క్‌కి మూడు బోల్టుల రంధ్రాలు ఉంటేనే. సస్పెన్షన్ ఫోర్క్‌లలో చాలావాటికి ఉండవు. బిగింపు పట్టీలతో కట్టే రకాలు ఉన్నాయి, అవి జారి స్పోకుల్లో పడితే మీ ముఖం నేల మీద ఉంటుంది. రంధ్రాలు ఉన్నా ఒక్కో పక్కకు మూడు కిలోల వరకే అని చాలామంది తయారీదారులు రాస్తారు. మీకు వద్దు. ఫ్రేమ్ బ్యాగ్‌లో రెండు లీటర్ల నీళ్ల సంచి, హ్యాండిల్ పక్కన చిన్న గొట్టం సంచిలో ఒక సీసా. డౌన్ ట్యూబ్ (ఫ్రేమ్ కింది ఏటవాలు గొట్టం) కింద బోల్టులు ఉంటే అక్కడ పనిముట్ల డబ్బా పెట్టొచ్చు. తాగే సీసా అక్కడ పెట్టకండి, చక్రం విసిరే పేడా బురదా అంతా దాని మూతి మీదే పడుతుంది.

గ్రాములలెక్క
పనిముట్లలో కోత పెట్టొద్దని నేనే అంటున్నాను, గమనించండి. మీ సైకిల్‌కి పనికొచ్చేవే ఉంచండి, మిగతావి తీసేయండి. చైన్ తెంపే సాధనం ఉన్న మల్టీటూల్, తెగిన చైన్‌ని కలిపే, మీ చైన్ స్పీడుకి (వెనక ఎన్ని గేర్లో దానికి) సరిపోయే క్విక్ లింకులు రెండు, ట్యూబ్ ఒకటి, అతుకులు, ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్గులు, పంపు, గేర్లు మార్చే డీరేలియర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే, మీ ఫ్రేమ్‌కే సరిపోయే హ్యాంగర్ ఒకటి. హ్యాంగర్ ఇరవై గ్రాములు ఉంటుందేమో, వంగిపోతే ట్రిప్ మొత్తం దాని మీదే ఆగిపోతుంది. టేపును పంపు చుట్టూ చుట్టి పెట్టుకోండి, విడిగా టేపు చుట్ట వద్దు.

స్టవ్ విషయం మీ దారిని బట్టి. రోజూ వండిన తిండి దొరికితే మొత్తం వదిలేయండి. తప్పనిసరైతే 750 మిల్లీలీటర్ల మగ్గు ఒకటి, 100 గ్రాముల గ్యాస్ డబ్బా దాంట్లోనే పడుతుంది. విమానంలో వెళ్లేవాళ్లు గ్యాస్ డబ్బా దిగాకే కొనుక్కోవాలి, ఎక్కనివ్వరు. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి.

వానపిట్ట
హ్యాండిల్‌బార్ రోల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దాంట్లో టెంట్ బట్టా మ్యాటూ పెట్టండి, మూడు కిలోలు దాటనివ్వకండి, తిప్పడం బరువైపోతుంది. బ్రేక్ గొట్టాలు రోల్‌కీ హ్యాండిల్‌కీ మధ్య నలగకూడదు. మధ్యలో ఫోమ్ ముక్కలు పెడితే చేతివేళ్లకు కూడా చోటు దొరుకుతుంది. ఫోర్క్‌లో గాలి తీసేసి పూర్తిగా కిందికి నొక్కి, రోల్ టైరుకు తగులుతుందేమో చూడండి. తర్వాత గాలి మళ్లీ కొట్టడం మర్చిపోకండి, అది మామూలు పంపుతో కాదు, షాక్ పంపుతో. పట్టీలు రాసుకునే చోట ఫ్రేమ్‌కి ముందే పారదర్శక టేపు వేయండి. దుమ్ము పడితే పట్టీ గరుకు కాగితంలా పెయింట్ తినేస్తుంది.

పాతక్యారియర్
మీరంతా ఇంత చెప్పాక నేనూ ఒక మాట ఒప్పుకుంటాను. నా 40 లీటర్లు ఎప్పుడూ సగం ఖాళీయే. ఈ మధ్య తేలికపాటి చిన్న క్యారియర్, దానికి అటూ ఇటూ ఐదారు లీటర్ల బుల్లి సంచులు వేసుకుంటున్నారు కుర్రాళ్లు. ఊగదు, టైరు గొడవ లేదు, పిక్కకు తగలదు. ఈ అబ్బాయిది చిన్న ఫ్రేమ్ కాబట్టి సీటు బ్యాగ్ పడకపోతే అది ఆలోచించమను.

గుట్టఎక్కుడు
ఒప్పుకున్నాను. చిన్న ఫ్రేమ్‌కి అది నిజంగా మంచి దారే. పాతక్యారియర్ గారితో ఒప్పుకోవడం నాకిదే మొదటిసారి, ఈ పోస్టు దాచుకుంటున్నాను.

కొత్తచక్రం
రెండు వారాల తర్వాత వచ్చాను. ఒక రాత్రి బయట పడుకుని వచ్చాను, ట్రయల్ అన్నమాట.

అట్ట కత్తిరించి కొలిచి ఫ్రేమ్ బ్యాగ్ తీసుకున్నాను. పెద్ద సీటు బ్యాగ్ ఇచ్చేసి 9 లీటర్లది పెట్టుకున్నాను. నొక్కితే టైరుకు నాలుగు వేళ్లు మిగులుతోంది, బొత్తిగా అంతే. స్నేహితుడి దగ్గర 780 గ్రాముల ఈకల స్లీపింగ్ బ్యాగ్ అరువు తెచ్చుకున్నాను. జీన్స్ ఇంట్లోనే ఉంది. బట్టలు 1,300కి దిగాయి, వంట సామాను 420, ఎలక్ట్రానిక్స్ 600, సబ్బు మందులు 300, పనిముట్లు 1,000. టెంట్‌లో అదనపు మేకులు, దాని సంచి తీసేస్తే 1,950. మ్యాట్ అదే 480. మొత్తం 6,830.

ఊగడం దాదాపు లేదు. నిలబడి తొక్కితే కొంచెం తెలుస్తుంది, అంతే.

తప్పులు కూడా చెప్పాలి. టెంట్ కర్రలు రోల్‌లో పట్టలేదు, 45 సెంటీమీటర్లు ఉన్నాయి. చివరికి టాప్ ట్యూబ్‌కి కట్టాను, తొడ లోపలి వైపు రాసుకుని ఎర్రగా కమిలింది. రాత్రి వాన జాకెట్ కావాల్సి వస్తే అది సీటు బ్యాగ్ అడుగున ఉంది. ఇంకోటి, ఎక్కుడులో పెడల్ వేసినప్పుడల్లా సీటు కింద కిర్రు కిర్రుమని ఒకటే మోత. పిచ్చెక్కింది.

సూదీదారం
కర్రలు ఫ్రేమ్ బ్యాగ్ బయట, డౌన్ ట్యూబ్ పక్కన కట్టండి, రెండు పట్టీలతో. తొడకు దూరం. చిన్న కర్రలున్న టెంట్లు 30 సెంటీమీటర్లకు మడతపడతాయి, కానీ దీని కోసం కొత్త టెంట్ కొనకండి. వాన జాకెట్ ఎప్పుడూ సీటు బ్యాగ్ మూత పట్టీ కింద, బయటే.

గుట్టఎక్కుడు
మోత సీటుపోస్ట్‌ది. పట్టీ కింద దుమ్ము చేరి ఉంటుంది. పోస్ట్ బయటికి తీసి, ట్యూబ్ లోపల కూడా తుడిచి, అల్యూమినియం అయితే పల్చగా గ్రీజు పూసి బిగించండి. కార్బన్ అయితే గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు ఉంటుంది. తీసే ముందు ఎత్తు గుర్తుగా టేపు వేసుకోండి.

కొత్తచక్రం
అదేనండీ. తీస్తే లోపల పిడికెడు ఇసుక. ఇప్పుడు మోత లేదు. కర్రలు కూడా డౌన్ ట్యూబ్ పక్కకు మార్చాను, తొడకు తగలట్లేదు. గురువారం తెల్లవారుజామున బయల్దేరుతున్నాను.

పాతక్యారియర్
అదనంగా ఒక జత సాక్సు పెట్టుకో. ఎవరూ తూచి చూడరులే.